కాంటెసాకు సరిపోయిన కన్వర్టర్

ఈరయ్య ఇరవై ఆరేళ్లు తాండూరు నాపరాళ్ల లారీ నడిపాడు. నాలుగేళ్ల కింద లోడు దించుతుంటే ఒక బండ జారి ఎడమ కాలి మీద పడింది. మోకాలి కింద కాలు తీసేశారు. జైపూర్ కాలుతో నడవడం ఆరు నెలల్లో అలవాటైంది కానీ క్లచ్ తొక్కడం మాత్రం కుదరలేదు. పెడల్ ఎంత లోపలికి పోయిందో పెట్టుడు పాదానికి తెలియదు.

బండల ఫ్యాక్టరీ సేటు షెడ్డులో ఒక పాత కాంటెసా కారు పదేళ్లుగా దుమ్ము పట్టి ఉంది. దాన్ని కొని ఆటోమేటిక్ చేయించుకుంటానని ఈరయ్య అన్నప్పుడు భార్య మల్లీశ్వరి వద్దనలేదు. "చేసేటోడు దొరికితే చేయించు," అంది.

చేసేవాడు తాండూరులోనే ఉన్నాడు. మెకానిక్ అజమత్‌కు ఇట్లాంటి బండి ఒకటి చేతికి రావాలని ఎన్నాళ్లనుంచో ఉంది. ఇంజన్ విప్పి, ఎక్కువ స్పీడులో బలం పెంచే కొత్త కాంషాఫ్ట్ వేశాడు. రెండు కార్బురేటర్లు పెట్టాడు. స్టార్ట్ చేస్తే గుడగుడమనే ఆ చప్పుడు వినడానికి దారిన పోయేవాళ్లు ఆగేవాళ్లు. హైదరాబాద్ నుంచి ఒక జపాన్ కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తెచ్చాడు. ఇంజన్‌కూ దానికీ మధ్య పెట్టాల్సిన టార్క్ కన్వర్టర్ ఒక్కటే మిగిలింది.

"క్లచ్ పని గిదే చేస్తదన్నా," అని ఈరయ్యకు చెప్పాడు. "లోపల నూనెల రెండు ఫ్యాన్లు ఎదురెదురుగ ఉంటయి. ఇంజన్‌తోని ఒకటి తిరుగుతది, ఆ నూనె దెబ్బకు రెండోది తిరుగుతది."

"మరి గిన్ని రకాలెందుకు?"

"ఇంజన్ ఎంత స్పీడు తిరిగినంక బండిని గట్టిగ తోయాలె, అది కన్వర్టర్‌ను బట్టి ఉంటది. దాన్నే స్టాల్ స్పీడ్ అంటరు. మన ఇంజన్‌కు కింద దమ్ము లేదు, పైకి పోతేనే గుంజుతది. అందుకే నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగినంక పట్టుకునేది పెడ్తున్న."

లారీ సంగతైతే ఈరయ్య వాదించేవాడు. ఇది తనకు తెలియని పని. సరే అన్నాడు.

కన్వర్టర్ బిగించాక తాండూరు వీధుల్లో బండి దూకుడుగా పోయింది. ఆదివారం పొద్దున ఈరయ్య, మల్లీశ్వరి, అజమత్ ముగ్గురూ వికారాబాద్ బయలుదేరారు. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ముందు ఒక బస్సు నెమ్మదిగా పోతోంది. దాని వెనక ఇంజన్ అరుస్తోంది తప్ప బండి సరిగా కదలడం లేదు.

"ఏదో మాడుతున్నది," అంది మల్లీశ్వరి.

"కొత్త సామాన్లు గద వదినా, జర వాసనొస్తది," అన్నాడు అజమత్.

రెండు మలుపులు తిరిగాక ఈరయ్య ఎంత తొక్కినా బండి కదల్లేదు. కింద నూనె కారుతోంది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక జీపులోంచి నలుగురు దిగి కారును పక్కకు నెట్టారు. అందులో ఒకతను ఈరయ్య కాలు చూసి, "నువ్వు దిగకు పెద్దాయనా, కూసో," అన్నాడు. మంచికే అన్నాడు. ఈరయ్య మాత్రం స్టీరింగ్ పట్టుకుని తల ఎత్తలేదు. తెలిసిన లారీ వాళ్లు వచ్చి బండిని తాండూరుకు లాక్కొచ్చారు.

మర్నాడు అజమత్ గేర్‌బాక్స్ విప్పాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె డికాషన్ లాగా నల్లబడింది. నూనెను చల్లబరిచే కూలర్ చిన్నదైందన్నాడు, నూనె మంచిది కాదన్నాడు. ఈరయ్య అన్నీ విన్నాడు.

"అజమత్ భాయ్, నేను ఏడికి పోత, ఎట్ల పోత, ఒక్కసారన్న అడిగినవా?"

అజమత్ పానా కింద పెట్టాడు. "లేదన్నా," అన్నాడు. "ఇంజన్‌నే చూసిన, నిన్ను చూడలే. ఇప్పుడు చెప్పు."

"నెలకు రెండుసార్లు వికారాబాద్. పరిగి మార్కెట్. బషీరాబాద్ కాడ మా అత్తగారిల్లు. నలుగురం కూసుంటం, డిక్కీల రెండు కందుల బస్తాలు. అరవై స్పీడు దాటను. ఘాట్ మీద బస్సు ఎనక నిమ్మళంగ పోవాలె."

"గట్లయితే పద్దెనిమిది వందలది కావాలె. ఇంజన్ జర తిరగంగనే పట్టుకుంటది. అంతగ జారదు, వేడెక్కదు. కానీ గీ కాంషాఫ్ట్‌తోని పడదు. ఇది ఉంటే బండి నిలవడ్డప్పుడు గూడ ఇంజన్ వెయ్యి మీద తిరగాలె, లేకుంటే బందైతది. గంత తిరిగితే ఆ కన్వర్టర్ బండిని తోస్తనే ఉంటది. సిగ్నల్ కాడ నువ్వు బ్రేకు మీదనే నిలవడాలె."

"రెండింట్ల ఒకటి ఇడువాల్నా?" అని మల్లీశ్వరి అడిగింది.

"నడుమ ఇంకోటి ఉంది వదినా. ఇరవై రెండు వందలది. కాంషాఫ్ట్ ఉంచొచ్చు. ఘాట్ మీద ఏమైతదో మాత్రం నేను చెప్పలేను."

ఆ కాంషాఫ్ట్ కోసం అజమత్ మూడు నెలలు హైదరాబాద్ చుట్టూ తిరిగాడు. ఆ సంగతి ఈరయ్యకు తెలుసు.

"నీ ఇంజన్ మస్తుగుంది భాయ్. ఇంటాంటే ఇనబుద్ధయితది. కానీ నేను ఇనడానికి చేయించుకుంటలేను."

అజమత్ రెండు రోజులు గ్యారేజీలో వేరే బండ్ల పని చేశాడు. మూడో రోజు ఈరయ్య పోయేసరికి కాంషాఫ్ట్ బయట ఉంది. అజమత్ దానికి గ్రీజు రాసి, బట్టలో చుట్టి బీరువా పైన పెడుతున్నాడు.

"పాతదే ఎక్కిస్తున్న. పద్దెనిమిది వందలది రేపొస్తది. పెద్ద కూలర్ గూడ పెడ్త," అన్నాడు.

బండి తయారయ్యాక చప్పుడు మామూలు కారు చప్పుడే. వినడానికి ఎవరూ ఆగలేదు. ఈరయ్య దాన్ని ఒక ట్రాక్టర్ వెనక అనంతగిరి ఎక్కించాడు. పైకి చేరాక అజమత్ దిగి, నూనె చుక్క తెల్ల గుడ్డ మీద వేసి చూశాడు. ఎర్రగానే ఉంది. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి వారం భార్యాభర్తలిద్దరే బషీరాబాద్ పోతుంటే, ఊరు దాటాక మల్లీశ్వరి బండి ఆపమంది.

"క్లచ్ లేదంటివి గద. నేను నడపలేనా?"

ఈరయ్య ఆమె ముఖం చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది. దిగి, బానెట్ పట్టుకుని ఎడమ సీటు వైపుకు వచ్చాడు. మల్లీశ్వరి స్టీరింగ్ ముందుకు జరిగింది. ఆమె బ్రేకు మీంచి కాలు తీయగానే బండి తనంతట తాను మెల్లగా కదిలింది.

"ఎడమకు, ఎడమకు," అన్నాడు.

"ఊకో, నాకు కనబడ్తలేదా," అంది మల్లీశ్వరి.

ఆమె ఇరవై స్పీడులో తీసుకుపోయింది. ఎదురుగా ఒక ఎడ్లబండి వస్తే ఆగింది, అది పోయాక మళ్లీ కదిలింది.