అవతలి అంచు

జొన్నరొట్టె తట్టుతూ, పొయ్యి పక్కన స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌లో సుమన మాట్లాడుతోంది. అచ్చంపేట నుంచి, చదువులో తనకు జూనియర్ అయిన రేఖ ఫోన్ చేసింది. ఆ అమ్మాయి తన మొదటి పరిశోధనా పత్రాన్ని జర్నల్‌కు పంపబోతూ గుండె చేతపట్టుకుని ఉంది.

"ముందుగాల ఆ జర్నల్ పాత సంచికలు చదువు. మన విషయం వాళ్లకు పట్టేదేనా చూసుకో. ఒక్కపాలి రెండు జర్నళ్లకు పంపకు, తెలిస్తే రెండూ పోతయ్. రివ్యూయర్ గట్టిగ రాసిండని కోపంల జవాబియ్యకు. తెల్లారి రాయి."

"పేర్లు ఎట్ల పెట్టాలె అక్కా?"

సుమన చేయి రొట్టె మీద ఆగిపోయింది. "పని మొదలు పెట్టకముందే మాట్లాడుకోవాలె రేఖా. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనుక అని. పని చెయ్యనోళ్ల పేరు అసలే పెట్టొద్దు."

అని, హాల్లోకి తొంగి చూసింది. నరేందర్ తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోతున్నాడు. భర్త చెవిన ఆ మాట పడినట్టు లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే తన బతుకేనని నవ్వుకోబోయింది. నవ్వు రాలేదు.

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. మగ్గం మీద మగవాడు నేస్తుంటే, అవతలి అంచు దగ్గర ఒక ఆడమనిషి కూర్చుని అడ్డదారం మోసే నాడె అందిస్తూ ఉండాలి. ఆమె లేకపోతే అంచు కలవదు. కూలి మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడి చేతికే వస్తుంది. సుమన రాసిన పరిశోధనా పత్రం ఆ ఆడవాళ్ల గురించే. ఇల్లిల్లూ తిరిగింది. మాటల కోసం వాళ్లు పని ఆపరు కాబట్టి తనూ పక్కన కూర్చుని కండెలకు దారం చుడుతూ అడిగింది. ఇంటికొచ్చి అంట్లు తోమి, పిల్లకు అన్నం తినిపించి, ఆ తర్వాత మిగిలిన ఓపికతో రాసింది.

అంతా అయ్యాక నరేందర్ ఒకసారి చదివి కామాలు దిద్దాడు. ఆయన వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. ప్రమోషన్‌కు ఇంటర్వ్యూ ఉంది. "నా పేరు ముందు పెట్టు. నీది వెనుక ఉంటనే ఉంటది గద. మొగడు పెండ్లాలకు ముందేంది, వెనకేంది," అన్నాడు. ముందూ వెనుకా లేనప్పుడు వెనుక తనే ఎందుకుండాలో ఆమె అడగలేదు. ఆయన పేరే ముందు పెట్టి జర్నల్‌కు పంపేసింది. సొమ్మొకరిది, సోకొకరిది. ఆ తర్వాత తన పత్రాన్ని తనకే తెరవబుద్ధి కాలేదు.

నిన్న జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. పత్రం అచ్చుకు తీసుకున్నారు. ఒక్కటే షరతు. రచయితలిద్దరూ ఈ పనిలో తామేం చేశారో తమ మాటల్లో రాసి, ఎవరి మెయిల్ నుంచి వాళ్లు పంపాలి. రాయనివాళ్ల పేరు తీసేస్తారు. ఇవాళే గడువు.

"నాది గూడ నువ్వే రాసి పంపు," అన్నాడు నరేందర్ పొద్దున్నే. ఆయన మెయిల్ పాస్‌వర్డ్ ఆమె దగ్గరే ఉంటుంది. ఆయన సెలవు చీటీలు కూడా ఆమే రాస్తుంది.

రొట్టెలు దించి, హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆ మూలన రాట్నం తిప్పుతున్న అత్త విజయమ్మ కోడలి ముఖం చూసి, "ఏంది బిడ్డ, పరేషాన్‌ల ఉన్నవ్?" అంది. సుమన సంగతంతా చెప్పింది.

"పేరుదేముందే. మీ మామ పోయేదాంక అవతలి అంచుకాడ నేనే కూసున్న. నా పేరు ఎవరన్న అడిగిండ్రా? గట్లనే గడిచింది. ఇచ్చెయ్యి."

ముసలామె ఓదార్చడానికే అంది. అందుకే మరీ నొప్పి పుట్టింది. ఈ మాటనే సుమన ప్రతి ఇంట్లోనూ విన్నది. 'నా పేరు ఎవరన్న అడిగిండ్రా' అన్న ఆ మాటతోనే పత్రం మొదలుపెట్టింది, రాస్తూ ఏడ్చింది కూడా. ఇప్పుడు దాని మీదే నరేందర్ పేరు ముందు వస్తే, ఆ ఆడవాళ్ల ముఖం ఎట్లా చూడాలి? సిగ్గేసింది. ఆ వెనకే కోపం వచ్చింది, మొదట తన మీద, తర్వాత ఆయన మీద.

తనది రాసి పంపింది. తర్వాత ఆయన మెయిల్ తెరిచి, 'సమాచార సేకరణలో' అని మొదలుపెట్టింది. ఎండలో గట్టు ఊరికి పోయే బస్సు కోసం తను నిలబడ్డ రోజులు గుర్తొచ్చాయి. రాసింది చెరిపేసింది.

నరేందర్ తల తుడుచుకుంటూ వచ్చాడు. "పంపినవా?"

"నాది పంపిన. మీది మీరే రాయాలె."

"నువ్వు రాస్తే అయిపోతుండె గద."

"మీ మాటలల్ల రాయమన్నరు."

లాప్‌టాప్ ఆయన ముందుకు జరిపి వంటింట్లోకి వెళ్లింది. ఆమె అంట్లు తోముతుంటే హాల్లోంచి రాట్నం చప్పుడు వినిపిస్తూనే ఉంది. చివరికి నరేందర్ పిలిచాడు. గొంతులో కోపం లేదు, నిజంగా తెలియకే అడుగుతున్నట్టుంది.

"సుమనా, గీ పేపర్ల నేనేం చేసిన్నో జర చెప్పు. రాస్త."

రాట్నం ఆగింది. ఈసారి విజయమ్మ ఇచ్చెయ్యమనలేదు. సుమన చేతులు కడుక్కుని గుమ్మం దాకా వచ్చింది.

"ఏం చెయ్యలే. గదే రాయుండ్రి."