ఒళ్లు దాచిన ఇనుము

మిల్లు కళ్లంలో పరిచిన వడ్ల మీద మంజమ్మ పాదాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది. అడుగు ఎత్తకూడదు. మడమతో తోసుకుంటూ పోతే వెనకాల చాలు పడుతుంది, అడుగున ఉన్న తడి గింజ ఎండలోకి వస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఇటు. ఏళ్ల తరబడి ఇట్లా నడిచీ నడిచీ ఆమె కాలివేళ్ల మధ్య చర్మం బిరుసెక్కింది. మడమల పగుళ్లలో ఇరుక్కున్న నూగు ఎంత కడిగినా పోదు.

ఆమె నడుముకు చెక్కుకున్న కొంగుముడిలో కాగితపు పొట్లం ఒకటి ఉంది. అందులో పల్లీలు, బెల్లం దంచి చేసిన ముద్ద. దంచేటప్పుడే అందులో ఒక రక్తం గోలి, అంటే రక్తం పట్టడానికి ఇచ్చే ఇనుము మాత్ర, కలిపేసింది. సెలవుకు ఇంటికొచ్చి జ్వరంతో పడుకున్న కూతురు సుమంగళకు మధ్యాహ్నం అది తినిపించాలి, గోలి సంగతి చెప్పకుండా. ఇంట్లో పెడితే పిల్ల కనిపెట్టేస్తుందని వెంట తెచ్చుకుంది.

"ఏందే మంజీ, సాలు వంకర పోతున్నది. నిద్రల నడుస్తున్నవా?" పక్క చాలులో నడుస్తున్న హనుమమ్మ అరిచింది.

"పిల్లకు జొరం తగ్గలేదక్కా."

"మన సిరవార ఊర్ల అందరికీ వచ్చె, పాయె. నీ బిడ్డకే కొత్తగ వచ్చిందా? నువ్వైతే తుమ్మొచ్చినా కాటికి కట్టెలు ఏరుకుంటవ్."

మంజమ్మకు నవ్వు రాలేదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు తల్లి తమ్ముణ్ణి కని, తెల్లారేసరికి పోయింది. తెల్లటి పెదవులు. "ఒంట్ల రక్తమే లేదు" అని దవాఖాన మెట్ల మీద ఎవరో అన్నారు. అన్నవాళ్ల ముఖం గుర్తు లేదు, మాట మాత్రం ఉండిపోయింది. సుమంగళ పుట్టిననాటి నుంచి మంజమ్మ చేసిన పనల్లా ఆ పిల్లకు రక్తం పట్టించడమే. పొద్దున లేవగానే కింది కనురెప్ప లాగి చూసేది. ఇనుప మూకుట్లోనే పుంటికూర వండేది. పిల్ల బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోయాక కూడా, ఫోనెత్తగానే "తిన్నవా" కంటే ముందు "గోలి మింగినవా" అనే అడిగేది.

అటువంటి గోలీని ఆపమంది ఆరోగ్య కేంద్రంలోని పావని సిస్టర్. జ్వరం పోయేదాకా ముట్టవద్దంది. మంజమ్మ తల ఊపి వచ్చింది. కానీ తిండి లేని పిల్ల, జ్వరానికి తెల్లగా పాలిపోయిన పిల్ల. ఉన్న కాస్త రక్తమూ ఇగిరిపోతే? నిద్రలోనే పోతే? ఆ రాత్రి నుంచే ముద్దలు దంచడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి సుమంగళ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెంపలు లోపలికి పోయాయి. మంజమ్మ ముద్ద తుంచి నోట్లో పెట్టింది.

"ఇదేందమ్మా, గిట్ల వగరున్నది?"

"జొరం నోరు బిడ్డా. ఏం తిన్నా అట్లనే ఉంటది."

పిల్ల మింగింది. తర్వాత తల్లి ముఖంలోకి చూడకుండా అంది, "నువ్వు కళ్లానికి పో. నేను సిస్టర్ దగ్గరికి పొయ్యొస్త."

"ఎందుకే?"

"ఊకెనే."

ఆ 'ఊకెనే'ను మంజమ్మ నమ్మలేదు. తానూ బయలుదేరింది.

పావని సిస్టర్ నాడి చూసింది, బీపీ చూసింది, చిగుళ్లు చూసింది. ఒక్కొక్కటే అడుగుతూ, "దొడ్డికి నల్లగ పోతుందా?" అంది. సుమంగళ తల్లి వైపు తిరిగి, "అమ్మా, తాగనీకి నీళ్లు తేవా" అంది. మంజమ్మ బయటికైతే వచ్చింది కానీ తలుపు దాటి పోలేదు.

"పోతుంది సిస్టర్. నిన్నటిసంది. తారు లెక్క."

"నిన్ననే చెప్పద్దా? రక్తం గోలీలు మానేసినవు కదా?"

"అన్నీ మానేసిన. చెప్తే మా అమ్మ ఉంది గదా. నాకన్న ముందు ఆమె సస్తది."

సిస్టర్ ఫోన్ అందుకుంది. "డెంగీ అయితే లోపల రక్తం కారుతుండొచ్చు. ఇప్పుడే రాయచూరు పెద్ద దవాఖానకు పోవాలె. అంబులెన్స్ పిలుస్త."

తలుపు పక్కన మంజమ్మ అంతా విన్నది. గోలీ మింగిన రోజుల్లో నల్లగా పోతుందని ఆమెకు తెలుసు. పిల్లకూ తెలుసు. గోలీ మానేశాననుకుంది కాబట్టే పిల్ల ఆ నలుపు చూసి చావు అనుకుంది. అనుకుని, తల్లికి చెప్పకుండా దాచుకుంది.

"ఆగు సిస్టరమ్మా." మంజమ్మ లోపలికి వచ్చేసింది. "నేనే పెట్టిన. బెల్లం ముద్దల కలిపి పెట్టిన."

"ఏం కలిపినవ్?"

"రక్తం గోలి."

"అమ్మా!" అంది సుమంగళ. అని, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపో నవ్వో తెలియలేదు.

సిస్టర్ ముఖం ఎర్రబడింది. "నీకు తెలుగుల చెప్పిన, కన్నడంల చెప్పిన. ఇంకే భాషల చెప్పాలె?"

అయినా ఆమె మంజమ్మ మాట ఒక్కటే నమ్మి ఊరుకోలేదు. రక్తం తీయించి డాక్టరును పిలిచింది. సాయంత్రం దాకా ఇద్దర్నీ బల్ల మీద కూర్చోబెట్టారు. రక్తం ఎక్కడా కారడం లేదనీ, జ్వరం దిగే దారిలో ఉందనీ డాక్టరు చెప్పి వెళ్లాక సిస్టర్ వచ్చి మంజమ్మ పక్కన కూర్చుంది. కోపం తగ్గింది.

"చూడమ్మా. ఈ వైరస్ పురుగుకు తనకంటూ ఏం లేదు. మన ఒంట్లకు దూరి, మన సొమ్ముతోనే పిల్లలు పెడ్తది. దానికి ఇనుము గూడ కావాలె. అందుకే జొరమొస్తే ఒళ్లు తన ఇనుమును రక్తంల తిరగనియ్యదు, లోపల్లోపల దాసిపెడ్తది. అది దాస్తుంటే నువ్వు బయటినుంచి తెచ్చి పోస్తున్నవ్."

మంజమ్మ సిస్టర్ వైపు తిరిగింది. "దాసింది మల్ల ఇస్తదా? మింగేస్తదా?"

"జొరం పోయినంక అదే ఇడుస్తది. అప్పుడు నువ్వూ గోలి ఇయ్యి, నేనే ఇస్త."

దొంగ వచ్చాడని తెలిసి గింజలు అటక మీద దాచే మనిషి ఒకతె పిల్ల ఒంట్లోనే ఉంది. ఎవరూ చెప్పకుండానే. ఇన్నేళ్లూ బిడ్డను తానొక్కతే కాస్తున్నాననుకుంది మంజమ్మ. చిన్నబోయింది. ఆ వెంటనే, ఎందుకో, ఒళ్లు తేలికైంది.

ఇంటికి నడుస్తుంటే సుమంగళ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంక నాకు చెప్పకుండ ఏం పెట్టద్దు."

"నువ్వూ నాకు చెప్పకుండ ఏం దాయద్దు."

"సరే."

"ఒట్టు?"

"ఒట్టేందే, సరే అన్న గదా."

జ్వరం పోయింది. ఆకలి వచ్చింది. సిస్టర్ గోలీలు ఇచ్చింది, సుమంగళ వాటిని తన బ్యాగులోనే పెట్టుకుంది. ఆదివారం పొద్దున బెంగళూరు బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే మంజమ్మ నోటిదాకా ఎప్పుడూ ఫోన్లో అడిగే ప్రశ్నే వచ్చింది. అడగలేదు. "కిటికీ మూసుకో, గాలి కొడ్తది" అని మాత్రం అంది.

తిరిగి వచ్చి పిల్ల కప్పుకున్న దుప్పటి దులిపితే, నల్లటి జడ రబ్బరు ఒకటి కింద పడింది. దానికి రెండు పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. మంజమ్మ వాటిని పీకేయలేదు. తలుపు వెనక మేకుకు అట్లాగే తగిలించింది. తలుపు కదిలినప్పుడల్లా అది కొంచెం ఊగి, ఆగుతోంది.