ఎర్ర కారుకు ఎడమ చెవి గొర్రెలు

శుక్రవారం సాయంత్రం ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాగరాణికి కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి దొడ్డి దగ్గరికి పోయింది. తడక సగం జరిపి, ఎందుకు జరిపిందో గుర్తురాక మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. దొడ్డిలో గొర్రెపిల్లలు తల్లుల కోసం అరుస్తున్నాయి. మంద వచ్చే వేళయింది. మంద వెనకాలే భర్త గాలయ్య వస్తాడు. కూతురు చెప్పిన మాట అతనికి ఎట్లా చెప్పాలో ఆమెకు తోచడం లేదు.

కూతురు సుహాసిని మహబూబ్‌నగర్‌లో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తుందట. మందలో తన వంతు గొర్రెలను అమ్ముతుందట. ఆ డబ్బు పెట్టి కారు కొంటుందట.

"కారేందే? మనింట్ల బండే సక్కగ నడువది," అంది నాగరాణి ఫోన్లో.

"స్పోర్ట్స్ కారమ్మా. ఎర్రది. మీద కప్పు తెరుసుకుంటది. షాద్‌నగర్‌ల ఒకాయన అమ్ముతాండు. పదమూడేండ్ల పాతది. ఆరు లక్షలకు ఇస్తనన్నడు. నేను, కరుణ, మల్లిక, తలా రెండు ఏస్తున్నం."

"ముగ్గురు గూసుంటరా అండ్ల?"

"రెండే సీట్లుంటయి," అంది సుహాసిని.

"మూడోదాన్ని డిక్కిల ఏస్తరా?"

"ఎక్కిరియ్యకమ్మా. తిరగనీకె కాదది, కిరాయికియ్యనీకె. సోమశిల కాడ నీళ్ల ఒడ్డుకు పెండ్లి ఫోటోలు దిగనీకె వారం వారం ఎంతమంది వస్తున్నరో నువ్వు జూస్తలేవా? కొల్లాపూర్‌ల ఫోటోలు దీసే విజేందరన్న ఒక్కరోజుకు ఎనిమిది వేలిచ్చి పట్నం నుంచి కారు తెప్పిస్తాండు. మనది కొంటే మనకే ఇస్తనన్నడు. కరుణ పెండ్లికూతుర్లకు మేకప్ జేసి రెండేండ్ల సంది కూడవెట్టింది. మల్లిక ట్యూషన్లు జెప్పి చిట్టీ ఎత్తింది. నాకేమున్నయమ్మా? నాకు గొర్లున్నయి. ఆదివారం సాయంత్రం దాంక ఆగుతనన్నడు ఆయన. ఆనక ఇంకొకలకు ఇచ్చేస్తడు."

కిరాయికని చెప్పింది గానీ, ఆ ఎర్ర కారు ఎక్కడిదో నాగరాణికి తెలుసు. సుహాసిని ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం తండ్రితో మంద వెంట పోయింది. సోమశిల రోడ్డు దాటిస్తుంటే ఎర్ర కారొకటి వచ్చి ఆగింది. నడుపుతున్నది ఒక ఆడమనిషి. హారన్ కొట్టలేదు. ఇంజను ఆపేసి, ఆఖరి గొర్రె దాటేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇంటికి వచ్చిన పిల్ల కంచంలో అన్నం ఎండిపోయేదాకా ఆ కారు సంగతే చెప్పింది. పదో తరగతికి వచ్చేసరికి మేనమామ దుర్గయ్య ట్రాక్టర్ నడపడం నేర్చుకుంది. అప్పుడు అందరూ నవ్వారు. అది పిల్లచేష్ట అనుకున్నారు.

గాలయ్య వచ్చాడు. గొంగడి దులిపి దండెం మీద వేశాడు. నాగరాణి చెంబుతో నీళ్ళిచ్చి, అతను తాగుతుండగానే చెప్పేసింది. ఆగితే చెప్పలేనని ఆమెకు తెలుసు.

గాలయ్య కోపం చేస్తాడనుకుంది. అతను నవ్వాడు.

"ఏడు గొర్లకు కారొస్తదానె? కారు బొమ్మస్తదేమో."

"ఏడేంది?"

"ఎడమ చెవు గాటున్నయి ఏడే గదా. అవి గూడ పండ్లూడుతున్న ముసలియి. దీస్కపొమ్మను."

చెంబు నాగరాణి చేతిలో పెట్టి అతను కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. ఆమె అక్కడే నిలబడింది.

గొర్రెలు కాసే ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పుట్టువెంట్రుకలు తీసిన నాడు మేనమామ బిడ్డకు ఒక ఆడ గొర్రెపిల్లను ఇస్తాడు. దాని ఎడమ చెవి కొస కోస్తారు. అది ఈనిన ఆడపిల్లలూ, వాటి ఆడపిల్లలూ ఆ బిడ్డవే. పొట్టేళ్ళు ఇంటి ఖర్చుకు పోతాయి. ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు తన గొర్రెలను తోలుకుపోతుంది. అప్పటిదాకా అవి తండ్రి మందలోనే మేస్తాయి. గాలయ్య గొర్రెల గాటు కుడి చెవికి ఉంటుంది. సుహాసినివి ఎడమ చెవికి.

సుహాసిని ఇంటర్ చదువుకని ఊరు విడిచిన ఏడాది నుంచి గాలయ్య పుట్టిన ప్రతి పిల్లకూ కుడి చెవే కోస్తూ వచ్చాడు. దురుద్దేశం ఏమీ లేదు. గాట్లు వేసేనాడు పిల్లలన్నిటినీ ఒక్కచోట చేర్చి గబగబా కానిచ్చేవాడు. ఇది దేని పిల్ల అని అడిగే ఓపిక అతనికి లేదు. ఇంట్లో పిల్లే కదా, మంద ఒక్కటే కదా అనుకున్నాడు. నాలుగేళ్ళు గడిచాయి. ఇప్పుడు అతని కళ్ళకు సుహాసినివి నిజంగానే ఏడు.

దేనికి ఏది పుట్టిందో తెలిసింది నాగరాణికి ఒక్కదానికే. మగవాళ్ళు మంద తోలుకుపోతారు. ఈనే గొర్రెలు, ఈనిన పిల్లలు ఇంటి దగ్గర ఆడవాళ్ళ చేతిలో ఉంటాయి. మందల్లో తగాదా వస్తే పెద్దలు ముందు చెవి చూస్తారు. చెవికి గాటు లేకపోతే పిల్లల దొడ్డి చూసుకునే ఆడమనిషిని పిలిచి అడుగుతారు. గాటు ఉన్నచోట ఆడమనిషిని ఎవరూ అడగరు.

ఆ రాత్రి ఆమె కంటికి కునుకు లేదు.

శనివారం పొద్దున బస్సు దిగి సుహాసిని వచ్చింది. వెంట కరుణ కూడా వచ్చింది. కరుణ సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ఎక్కడికి పోయినా ఒక మేకప్ డబ్బా వెంట ఉంటుంది. సుహాసిని చెప్పులు విప్పకముందే, "గొర్లు కొనే దశరథం మామకు ఫోన్ జేసిన. పదింటికి ట్రాలీ దీస్కొస్తడు," అంది.

"మీ నాయిన మంద ఇడువక ముందే రమ్మన్నవా?"

"అందుకే జెప్పిన పదింటికి."

నాగరాణి రొట్టెలు కాలుస్తూ, పెనం మీద రొట్టె మాడేదాకా గమనించలేదు. కరుణ తీసి పక్కన పెట్టింది.

"గొర్లు ఏటేట ఈన్తయి. కారు ఈన్తదానె?" అంది నాగరాణి.

"ఈనదు. వారానికింత తెస్తది."

"పాతది. ఏడనో ఒకతాన ఆగిపోతది. అప్పుడు గడ్డేస్తే లేస్తదా?"

"ఆంటీ, మెకానిక్‌కు సూపిచ్చినం. ఇంజను మంచిగున్నదన్నడు," అంది కరుణ.

"నువ్వూకోవే. నీయి పైసలు, దీనియి పానమున్న గొర్లు."

సుహాసిని పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. "అమ్మా, పెండ్లైనంక ఇస్తరంట నా గొర్లు. అప్పుడెవలకిస్తరు? నాకా?"

నాగరాణి పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిననాడు ఆమె వెంట పన్నెండు గొర్రెలు వచ్చాయి. వారం తిరగకముందే వాటి కుడి చెవులకు రెండో గాటు పడింది. కత్తి పట్టింది గాలయ్య, తలలు కదలకుండా పట్టుకున్నది ఆమె. అప్పుడది ఆమెకు తప్పని తోచలేదు. ఆ ఏడాది ఇంటి మీద రేకులు వేసినప్పుడు అందులో అయిదు అమ్ముడుపోయాయి. ఎవరి గొర్రెలు పోయాయో ఎవరూ అనుకోలేదు, ఆమెతో సహా.

పదింటికి దశరథం ట్రాలీ వచ్చింది. లావుపాటి మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు. గాలయ్య దొడ్డి తడక తీసి పక్కకు నిలబడ్డాడు. ముఖంలో కోపం లేదు. పిల్ల ముచ్చట తీరి పోతుందిలే అన్నట్టు ఉన్నాడు.

దశరథం గొర్రెల చెవులు పట్టి చూసుకుంటూ ఒక్కొక్కదాన్నే బయటికి తోశాడు. ఏడు దగ్గర ఆగిపోయాడు.

"బిడ్డా, నువ్వు ఫోన్ల ఇరవై మూడన్నవు."

"ఇరవై మూడే మామా. మిగిలినయి కుడి చెవుకున్నయి. నాయిన తప్పేసిండు."

"గదెట్ల ఒప్పుకుంట తల్లి. చెవు జూసి కొంట నేను. రేపు మీ నాయిన వచ్చి నాదంటే ఎట్ల?"

"దశరథం సక్కగ జెప్పిండు," అన్నాడు గాలయ్య. "బిడ్డా, ఏడమ్ముకో. మీ దోస్తులకు జెప్పు, టైర్లు నా వంతని."

దశరథం పొట్ట అదిరేలా నవ్వాడు. సుహాసిని నవ్వలేదు. ఏడ్వలేదు కూడా. "అమ్మ నాకు ప్రతిసారి ఫోన్ల జెప్పింది, నాయినా. బొల్లిది ఈనింది, బొల్లిదాని బిడ్డ ఈనింది, అని. నేను లెక్కవెట్టుకున్న," అంది. అని తల్లి వైపు చూసింది.

నాగరాణి గుమ్మం దగ్గర ఉంది. చేతికి పిండి అంటుకుని ఉంది. ఆ కారు ఆమెకు ఇష్టం లేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే కారు రాదు. ఏడు గొర్రెలు తిరిగి దొడ్డిలోకి పోతాయి, పిల్ల రెండు రోజులు అలిగి కాలేజీకి పోతుంది, ఇల్లు ఎప్పటిలాగే ఉంటుంది. మాట్లాడకపోవడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. నాలుగేళ్ళ నుంచి గాట్లు వేసిననాడల్లా తలలు పట్టుకుని ఆమె అదే పని చేసింది.

పిండి చేతులు కొంగుకు తుడుచుకుని దొడ్డిలోకి నడిచింది.

వంగి, ఒక గొర్రె వెనక కాలు పట్టి లాగింది. "ఇది బొల్లిదాని బిడ్డ. చెరువు నిండిన ఏడాది పుట్టింది. ఎనక కాళ్లు ముందుకొస్తే నేనే గుంజి దీసిన," అంది. దాన్ని బయటికి నెట్టి ఇంకోదాన్ని పట్టింది. "ఇది దీని చెల్లె. ఇది దీని బిడ్డ. ఇగో, మూతి నల్లది, ఇది తోక తెగినదాని బిడ్డ."

"నాగరాణీ," అన్నాడు గాలయ్య.

ఆమె ఆగలేదు.

"నాగరాణీ, గాటు నాదున్నది."

"గాటు నువ్వేసినవు. తల నేను వట్టుకున్న. నాకు తెల్వదా అది ఎవలదో?"

దశరథం ఒకసారి ఆమెను, ఒకసారి గాలయ్యను చూసి జేబులోని పెన్ను సర్దుకున్నాడు. గొర్రెలు మూలమూలకూ పరుగెత్తుతున్నాయి. దుమ్ము లేచింది. నాగరాణి పట్టిన ప్రతిదాని తల్లి పేరు, పుట్టిన కాలం చెప్పి బయటికి పంపుతోంది. ఇరవై రెండు అయ్యాయి. సుహాసిని ముందుకు వచ్చి ఒక ఎర్ర మచ్చల గొర్రెను పట్టుకుంది.

"ఇదిగో అమ్మా, ఇరవై మూడోది. బొల్లిదాని పాలు తాగిందన్నవు గదా."

నాగరాణి దాని మెడ నిమిరి చూసింది. "ఇడువు దాన్ని," అంది. "దీని తల్లి పాము కరిసి సచ్చింది. బొల్లిదాని పాలకు నేనే అలవాటు జేసిన. ఇది మీ నాయినది."

సుహాసిని చెయ్యి వదిలింది. ఎర్ర మచ్చలది గెంతి మందలో కలిసింది.

గాలయ్య ఆ గొర్రెనే చూస్తూ ఉండిపోయాడు. అది ఎవరి పిల్లో అతనికి ఇప్పటిదాకా తెలియదు. భార్య ఆ ఒక్కటీ ఇచ్చేసినా అడిగేవాడు లేడు. తర్వాత ట్రాలీ వైపు చెయ్యి చూపాడు.

"ఎక్కియ్యి, దశరథం."

"గాటు సంగతి?"

"నా ముంగట్నే గదా ఎక్కిస్తున్నవు. నేను నిలవడ్డ గదా." బయట నిలబడ్డ వాటి దగ్గరికి పోయి, ముసలి బొల్లిదాని చెవి పట్టి వెనక్కి తోలాడు. "ఇది వద్దు. కోతకే పోతది. దీని బదులు నా పొట్టేలును ఎక్కియ్యి."

తలకు తొమ్మిది వేల పైచిలుకు పలికింది. కరుణ ఫోన్‌లో లెక్క చూసి, రెండు లక్షలకు సరిపోయిందని తల ఊపింది. దశరథం ట్రాలీ వెనక తలుపు బిగించాడు. ఇద్దరు పిల్లలూ కొల్లాపూర్ దాకా ట్రాలీలోనే పోతామని ముందు సీటు ఎక్కారు. సుహాసిని కిటికీలోంచి వంగి, "మొదలు నిన్నే ఎక్కిస్తనమ్మా," అంది.

"నాకొద్దు. నెత్తి మీద కప్పు లేని బండ్ల తలనొప్పి లేస్తది," అంది నాగరాణి. కూతురి ముఖం చూస్తే ఆ మాట చెవిన పడినట్టు లేదు. పిల్ల చూపు అప్పుడే రోడ్డు మీదికి పోయింది.

ట్రాలీ మలుపు తిరిగింది. అందులోంచి గొర్రెల అరుపు చాలాసేపు వినపడింది. ఇక్కడి మంద ఆ అరుపుకు బదులు పలుకుతూ తడకను తోసింది.

గాలయ్య రొట్టె తినలేదు. సగం పొద్దెక్కినా కట్టె తీసుకుని మంద విప్పాడు. గొర్రెలు పొలం వైపు పోకుండా ట్రాలీ పోయిన దిక్కుకే మళ్ళాయి. అతను ముందుకు ఉరికి మళ్ళించాడు. అవి అతన్ని రెండు పాయలుగా తప్పించుకుని మళ్ళీ రోడ్డుకే ఎక్కాయి. మూడోసారీ అంతే. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

నాగరాణి వాకిట్లో అంట్ల గిన్నె ముందేసుకుని కూర్చుంది. ఒక కంచం తోమి, అదే కంచం మళ్ళీ తోమింది. కంచం పక్కన పెట్టి, వేప బరిక ఒకటి విరుచుకుని అటు నడిచింది. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆమె మంద వెంట పోయింది లేదు.

గాలయ్య ఆమెను చూశాడు. ముఖం తిప్పుకున్నాడు. మందలోంచి నాలుగు గొర్రెలు విడిపోయి రోడ్డు మీదికి దూకాయి.

"గాడ నిలవడి ఏం జూస్తున్నవు," అన్నాడు, ఆమె వైపు చూడకుండానే. "గా పక్కకు ఉరుకు. ముంగటి దాన్ని ఆపితే అన్నీ ఆగుతయి."

నాగరాణి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని అటు ఉరికింది.