ఇస్త్రీ పిన్ని మోకాళ్ళు

ఉదయం ఏడింటికి కొట్టు తెరిచి, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు పిన్ని చొక్కాలు ఒక పక్కకి, దుప్పట్లు ఒక పక్కకి వేరుచేసి నీళ్ళు చిలకరించేది. మొదటి కాలరు మీద పెట్టె ఆనిందో లేదో కుడి మోకాలు మూలిగేది.

"అప్పుడే మొదలెట్టావా తల్లీ?" అనేది పిన్ని.

"నిన్నటి వాపే తగ్గలేదు," అని ఎడమది అందుకునేది.

బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు పిన్నిని పలకరించి, కాస్త వంగి మోకాళ్ళనీ పలకరించి వెళ్ళేవాళ్ళు.

అరవై మూడో ఏట కూతురు ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నొప్పుందా అంటే పిన్ని "అబ్బే" అంది. ఇలా లాభం లేదని ఆయన మోకాళ్ళనే అడిగి అంతా రాసుకున్నాడు. "రోజంతా ఇలాగే నిలబడితే ఏడాదిలో మంచం పడుతుంది," అని కూతురికి చెప్పాడు. ఆమె ఆ రోజే కొట్టుకి తాళం వేసేసింది.

"ఇన్నాళ్ళు చేసింది చాలమ్మా. ఇక కాలు మీద కాలేసుకుని కూర్చో."

కూర్చుంది. రెండు వారాలకి మోకాళ్ళు మూలగడం మానేశాయి. కూతురు సంబరపడింది. నెల తిరిగేసరికి పిన్ని కూడా మాట్లాడడం మానేసింది. తినమంటే రెండు ముద్దలు తిని గోడవైపు తిరిగేది. ఒక మధ్యాహ్నం స్నానానికి లేపబోతే కాళ్ళు నిలవలేదు. కూతురు మంచం పక్కన చతికిలబడి రెండు మోకాళ్ళ మీదా చేతులు వేసింది.

"ఏమైనా అనండి. పోనీ నన్ను తిట్టండి."

కుడిది గొంతు సవరించుకుంది. "నిలబడలేం అన్నాం గానీ, పని మానెయ్యమని ఎవరన్నారమ్మాయీ?"

"కూర్చుని చెయ్యమను," అంది ఎడమది. "అదీ మధ్యాహ్నం దాకానే. సాయంత్రం కాస్త నడిపించు. మాకూ ఊసుపోవాలిగా."

పిన్ని కళ్ళు తెరిచింది. "కూర్చుంటే మడత నిలవదు. ఒంటి బరువంతా పెట్టె మీద పడాలి."

"ఆ బరువు ముప్ఫై అయిదేళ్ళు మోసింది మేమేలే," అంది కుడిది.

కూతురు కొట్టు తాళం తీసింది. వడ్రంగి వచ్చి ఇస్త్రీ బల్ల కాళ్ళు జానెడు కోశాడు. మొదటి వారం మడతలన్నీ వంకర్లు పోయాయి. పిన్ని తనని తానే తిట్టుకుంటూ ఒక్కో చొక్కా విప్పి మళ్ళీ చేసింది. ఆ తిట్లు వింటూ కూతురు గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. అమ్మ నోట ఇన్ని మాటలు విని నెల దాటింది మరి. మెల్లగా భుజం బరువు పెట్టె మీదకి దించడం పిన్నికి పట్టుబడింది. సాయంత్రాలు మోకాళ్ళు ఆమెను పార్కు దాకా లాక్కెళ్ళేవి. ఎదురొచ్చేవాళ్ళని వాళ్ళ ముఖం కంటే ముందు చొక్కా చూసి పిన్ని గుర్తుపట్టేది.

డాక్టరు పెట్టిన ఏడాది గడువు దాటి నాలుగు నెలలైంది. ఒకరోజు పిన్ని పెట్టె చల్లార్చి కూర్చుని ఉండగా ఓ పెద్దమనిషి చేతుల్లో పట్టనంత మూటతో వచ్చాడు.

"పిన్నీ, రాత్రికల్లా కావాలి. నువ్వెప్పుడూ కాదనవుగా."

మోకాళ్ళు రెండూ ఒకేసారి నోరు తెరిచాయి. ఈలోపే పిన్ని అంది, "ఇవాళ్టికి కుదరదు నాయనా. నేను నడకకి వెళ్ళాలి."

పిన్ని చెయ్యి ఎక్కడా ఆనించకుండా లేచి, తలుపు మూసి, పార్కు వైపు నడిచింది.