ఏడో రకం అరుగుదల

కొత్త గిటార్‌ను పాతదానిలా చెయ్యడం ఆమె ఉద్యోగం. కార్ఖానాలో ఎలక్ట్రిక్ గిటార్ నిగనిగలాడుతూ ఆమె బల్ల మీదికి వస్తుంది. కొన్నిచోట్ల చెక్క కనబడేదాకా గరుకు కాగితంతో రంగు రుద్దుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి తీసి వేడిగాలి పట్టిస్తే వార్నిష్ నెర్రెలు విచ్చుతుంది. తాళాల గుత్తితో వీపు మీద కొడుతుంది. మరలకు తుప్పు పట్టిస్తుంది. నాలుగు రోజుల్లో ముప్ఫై ఏళ్ళు గడిచిపోతాయి, ధర రెట్టింపవుతుంది.

అలాంటిది కొనేవాడు తెలివైనవాడా, తెలివితక్కువవాడా అన్న వాదన అక్కడ టీ తాగేటప్పుడల్లా నడిచేది. చిరుగుల ప్యాంటు కొన్నవాణ్ణి దర్జీ మోసం చేశాడంటామా అనేవాడు యజమాని. తీగలు బిగించే పెద్దాయన ఒప్పుకునేవాడు కాదు. చిరుగుల ప్యాంటు వేసుకున్నవాడు నేను కూలిపని చేశానని చెప్పుకోడు, ఈ గిటార్ పట్టుకున్నవాడు మాత్రం ముప్ఫై ఏళ్ళు వాయించినట్టు నిలబడతాడు అనేవాడు. ఆమె ఎటూ మాట్లాడేది కాదు. చేతిలో పని ఉండేది.

ఆమె మేనమామ దగ్గర నిజంగానే ముప్ఫై ఏళ్ళు వాయించిన గిటార్ ఉంది. ఆయన పగలు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూస్తాడు. శనివారాలు ఒక హాల్లో బృందంతో వాయిస్తాడు. పందొమ్మిదో ఏట నిచ్చెన మీద నుంచి పడి కుడి మోచెయ్యి విరిగింది. ఎముక వంకరగా అతికింది. అప్పటినుంచి ఆ చెయ్యి పూర్తిగా మడవదు. అందరి ముంజేయీ గిటార్ పైఅంచు మీద ఆనితే, ఆయనది కిందికి జారి, తీగలు ముడివేసే చోటికి వెనకాల ఆనుతుంది. అక్కడ రంగు పోయి, అర్ధచంద్రాకారంలో చెక్క బయటపడింది. ఇంకెవరి గిటార్‌కూ అక్కడ అరుగుదల ఉండదు.

వాదన ఆయన చెవినా వేసింది ఒకసారి. ఆయన నవ్వాడు. "జుట్టు నెరిపించుకుని పెద్దమనిషినంటే కాదనడానికి మనమెవరమే? కొననీ, పాపం," అన్నాడు.

పోయిన ఏడాది దుకాణాలవాళ్ళు యజమానికి ఫిర్యాదు చేశారు. గిటార్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయనీ, ఒక మనిషి వాయించినట్టు లేవనీ. యజమాని ఆమె బల్ల దగ్గరికొచ్చి, మనిషి కనబడే రకం ఒకటి చెయ్యమన్నాడు. ఆ ఆదివారం ఆమె మేనమామ ఇంటికి వెళ్ళింది. గిటార్ మెడ మీది మెట్లు అరిగిపోయాయి, సరిచేసి తెస్తానంది. ఆయన సంబరపడి, పెట్టెతో సహా ఇచ్చేశాడు.

మెట్లు సరిచేసిన మాట నిజం. రెండు రోజులు పట్టింది. మూడోరోజు గిటార్ మీద పల్చటి కాగితం పరిచి, ప్రతి గీతా, ప్రతి చొట్టా, ఆ అర్ధచంద్రమూ పెన్సిల్‌తో దించుకుంది. తిరిగి ఇచ్చేటప్పుడు చెప్పాలనే అనుకుంది. ఆయన వేళ్ళు మెట్ల మీద ఆడించి, "నీ చేతిలో ఏదో ఉందే అమ్మడూ," అన్నాడు. చెప్పకుండానే వచ్చేసింది.

కార్ఖానాలో అప్పటికే ఆరు రకాల అరుగుదలలున్నాయి, అది ఏడో రకమైంది. కేటలాగులో అర్ధచంద్రాన్ని దగ్గరగా ఫొటో తీసి వేశారు. ఒక్కోదానికీ మెడ వెనక నంబరు ఉన్న రేకు బిగించారు. నెలకు పది చొప్పున అమ్ముడుపోయాయి. ఆమెకు జీతం పెంచారు. మేనమామ ఇంటికి వెళ్ళడం తగ్గింది. పని ఎక్కువైందని చెప్పేది, అది అబద్ధమూ కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సాధన చూడ్డానికి రమ్మని ఆయనే ఫోన్ చేశాడు. బృందంలో కొత్తగా ఒక పళ్ళ డాక్టర్ చేరుతున్నాడట. ఆమె వెళ్ళేసరికి డాక్టర్ పెట్టె తెరుస్తున్నాడు. లోపల ఏడో రకం ఉంది. ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది.

డాక్టర్ తన గిటార్ మెడలో వేసుకుని మేనమామ వైపు చూసి పెద్దగా నవ్వాడు.

"అరె, మీరూ అదే కొన్నారా? నాది నలభై రెండోది. మీదెంతండీ నంబరు?"

మేనమామకు అర్థం కాలేదు. నంబరేమిటన్నాడు. డాక్టర్ మర్యాదగానే ఆయన గిటార్ అందుకుని వెనక్కి తిప్పాడు. రేకు లేదు. ఆయన మీద జాలితో డాక్టర్ మొహం చిన్నబోయింది.

"మీకెవరో నకిలీది అంటగట్టారండీ. అసలుదానికి రేకుంటుంది. బిల్లుంటే దుకాణంవాణ్ణి వదలకండి."

డ్రమ్ములాయన పుల్లలు ఒళ్ళో పెట్టుకుని కిసుక్కున నవ్వాడు. మేనమామ నవ్వలేదు. రెండు గిటార్లనూ కుర్చీల మీద పక్కపక్కన పెట్టించి వంగి చూశాడు. ఒకదాని అర్ధచంద్రం మీద వేలు పెట్టాడు. తర్వాత రెండోదాని మీద పెట్టాడు. లేచి, తలుపు వైపు చూశాడు.

"ఈ పని చేసేది మా మేనకోడలేనండీ. చూసి చెప్పమ్మా. నాది నకిలీదా?"

ఆయన గొంతులో కోపం లేదు. ఆమెకు వీలు ఇస్తున్నాడు. మొత్తం చెప్పెయ్యడానికి అంతకంటే మంచి సమయం రాదు.

"అసలుదే. మామయ్యదే," అంది.

"మరి నాదేంటండీ? గీతతో సహా అచ్చం అలాగే ఉందిగా," అన్నాడు డాక్టర్.

ఆమె నేలకేసి చూసింది. డ్రమ్ములాయన కూడా నవ్వు ఆపేశాడు. మేనమామే అందుకున్నాడు.

"మనిషిని పోలిన మనుషులుంటారంటారు కదండీ. చేతులూ అంతే. పదండి, మొదలుపెడదాం."

గంటన్నర వాయించారు. ఆమె మూల కుర్చీలో కూర్చుంది. తనను బయటపెట్టడం ఆయనకు ఒక్క మాట పని. ఆ మాట అనకుండా, ముప్ఫై ఏళ్ళ గిటార్ మీద అనుమానం అలాగే ఉండనిచ్చాడు. ఆమెకు మొదట కలిగింది ఊరట. ఆ ఊరటే అన్నిటికంటే సిగ్గు వేసేలా చేసింది.

హాలు మెట్లు దిగేటప్పుడు మేనమామ అడిగాడు. "ఎన్ని చేశావు?"

"ఎనభై ఆరు."

"ఈ చెయ్యి విరిగినప్పుడు మూడు నెలలు మీ అమ్మే నాకు చొక్కా బొత్తాలు పెట్టింది. ఆ వంకరను కూడా గీశావన్నమాట."

యజమానితో చెప్పి ఆపిస్తానంది. డాక్టర్‌తోనూ చెబుతానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఎనభై ఆరూ వెనక్కొస్తాయా? ఆయన ముచ్చటపడి కొనుక్కున్నాడు, ఆయన్నెందుకు చిన్నబుచ్చడం? నువ్వొక పని చెయ్యి. దీనికి కొత్త రంగు వేసిపెట్టు. వాయించిన ప్రతిచోటా నంబరు చెప్పుకోలేను."

వద్దు మామయ్యా అంది. ఆయన పెట్టె ఆమె చేతికిచ్చి బస్సు ఎక్కాడు.

మర్నాడు ఉదయం గిటార్‌ను బల్ల మీద బిగించింది. కొత్త రంగు పట్టాలంటే పాతదంతా దింపెయ్యాలి, చెక్కను చదును చెయ్యాలి. వీపు, అంచులు అయ్యాయి. అర్ధచంద్రాన్ని చివరికి ఉంచింది. అక్కడ చెక్క ఆయన చేతికి కాస్త గుంటపడి ఉంది. ఆమె చేసిన ఎనభై ఆరింటిలో దేనికీ ఆ గుంట రాలేదు. వేలితో తడిమితేనే తెలుస్తుంది.

యజమాని అటుగా వస్తూ ఆగాడు.

"ఇది ఏడోరకం కదమ్మా? ఎవరు వెనక్కి పంపారు?"

"పంపలేదు సార్. ఇది మా మామయ్యది. దీన్ని చూసే అన్నీ చేశాను. ఆయన్ని అడగలేదు."

తీగలు బిగించే పెద్దాయన తల ఎత్తాడు. యజమాని గిటార్ వైపు చూశాడు.

"అడిగితే ఇచ్చేవాడు కాదా?"

"ఇచ్చేవాడు," అంది.

ఆయన ఏడోరకం సంగతి సాయంత్రం మాట్లాడదామని వెళ్ళిపోయాడు. ఆమె అరిగిన గరుకు కాగితం తీసేసి కొత్తది చుట్టి, అర్ధచంద్రం అంచు నుంచి రుద్దడం మొదలుపెట్టింది.