కెప్టెన్ ఇచ్చిన అనుమతి

కొరిన్ ఆ మాటలనేసి కుర్చీలోంచి లేచినప్పుడు లైల్ బెర్గ్‌స్ట్రమ్‌కు ముందుగా కలిగింది ఆనందం. తర్వాత తలచుకుంటే అతనికే సిగ్గేసింది గానీ, జరిగింది మాత్రం అదే.

ఓక్లెయిర్ అనే ఊరి చివర మూతపడ్డ బౌలింగ్ హాలు ఒకటుంది. అందులో ప్లైవుడ్‌తో కట్టిన అంతరిక్ష నౌకలో షూటింగ్ నడుస్తోంది. 'చివరి లంగరు' అనే సీరియల్‌ను టీవీవాళ్లు ఒకప్పుడు రెండు సీజన్లు నడిపి, నౌకను ధూళిమేఘం నడిమధ్యలో వదిలేసి, చెప్పాపెట్టకుండా ఆపేశారు. అప్పటికి లైల్ బడికెళ్లే పిల్లాడు. పాపం ఆ నౌక ఇల్లు చేరిందా లేదా అన్న బెంగ అతన్ని పెళ్లయ్యాక కూడా వదల్లేదు. వారమంతా టైర్ల షాపులో ఒళ్లు హూనం చేసుకోవడం, శని ఆదివారాలు తనలాంటి పిచ్చివాళ్లను పోగేసి ఆ కథను ముందుకు నడిపించడం, ఇదీ అతని బతుకు. కథ తనదే, మాటలు తనవే, కెప్టెన్ హేవర్డ్ వేషమూ తనదే. దారి చూపే పైలట్ ఇలారా వేషం భార్య కొరిన్‌ది. ఆ వేషం కావాలని ఆమె అడిగిందా అంటే, లేదు. మొదటి ఇలారాకు కాన్పు దగ్గరపడితే ఒక్క ఎపిసోడ్‌కని వచ్చి ఇరుక్కుపోయింది.

ఈ నౌకకో కట్టుబాటు ఉంది. గుమ్మం దాటి లోపలికొస్తే ఎవరికీ బయటి పేరుండదు, బయటి గొడవుండదు. కరెంటు బిల్లు గురించి మాట్లాడాలన్నా 'ఇంధనం' అనే అనాలి. నోరు జారినవాళ్లు సాయంత్రం కాఫీ గిన్నెలన్నీ తోమాలి. అది పెట్టింది లైలే. ఇంత చాదస్తంగా పాటించేదీ లైలే. భార్య ఓసారి లోపల "లైల్, మీ అమ్మ ఫోన్" అని పిలిస్తే, పెద్దావిడ అవతల ఎదురుచూస్తున్నా సరే, "ఏ గ్రహం నుంచి?" అని అడిగిన మనిషి.

ఆ రోజు కొరిన్ చెప్పాల్సింది ఒక్క ముక్క. మేఘం అవతల వెలుగు కనిపిస్తోందని చెప్పాలి, అంతే. ఆమె అది చెప్పలేదు. మీటల మీంచి చేతులు తీసేసి అతని వైపు తిరిగింది.

"కెప్టెన్, నా కుర్చీలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టుకోండి. ఇన్నేళ్లూ మీ పక్కనే ఉండి దారి చెబుతూ వచ్చాను. మీరు ఎదురుగా ఉన్న తెర చూశారు గానీ ఒక్కసారైనా నా వైపు తిరగలేదు. నేను దిగిపోతున్నాను. సెలవిప్పించండి."

లైల్ ఒళ్లు ఝల్లుమంది. ఇన్నేళ్లలో కొరిన్ ఇలా నటించింది లేదు. గొంతులో చిన్న వణుకు, కళ్లలో తడి, అబ్బ! ఎక్కడ కెమెరా ఆగిపోతుందోనని అతని భయం. ఛాతీ విరుచుకుని లేచి నిలబడ్డాడు.

"ఈ నౌకలో ఎవరినీ బలవంతాన ఉంచం, ఇలారా. అనుమతి ఇస్తున్నాను. నీ దారిలో నక్షత్రాలు నీకు తోడుండుగాక!"

కొరిన్ అతన్ని ఓ క్షణం చూసింది. తలూపి, నడిచి వెళ్లిపోయింది. గోడ వెనకాల తాడు పట్టుకుని నిలబడ్డ ఓటిస్ కోవాల్కీ తాడు లాగాడు. తలుపు పక్కకు జరిగింది, మళ్లీ మూసుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఓటిస్ గోడ వెనక నుంచి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. బయట ప్లంబరు, లోపల చీఫ్ ఇంజనీరు. "ఒళ్లు గగుర్పొడిచింది కెప్టెన్! పాత ఎపిసోడ్ ముక్క తెచ్చి ఎంత బాగా అతికించారూ!"

"నేనేం అతికించలేదే," అన్నాడు లైల్.

"మా దగ్గరా దాపరికం? రెండో సీజన్, మంచుగ్రహం ఎపిసోడ్. ఇలారా అలిగి వెళ్లిపోయేది."

"నీ మొహం!" అంది వెర్నా. లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి, నౌకలో డాక్టరు. ఆ సీరియల్ ఆమెకు కంఠతా వచ్చు. "మంచుగ్రహంలో ఇలారాకు జ్వరం. మూలుగు తప్ప మాట లేదు. ఇది మొదటి సీజన్‌లోది, తిరుగుబాటు కథ."

"తిరుగుబాటులో చెప్పింది వంటవాడు, ఇలారా కాదు. మర్చిపోయావా డాక్టరమ్మా?"

"నేను మర్చిపోవడమా! నువ్వు తాడు లాగడం మర్చిపోయి ఓసారి కెప్టెన్ ముక్కు పగలగొట్టావు, అది గుర్తుందా?"

లైల్‌కు తల తిరుగుతోంది. ఆ మాటలు ఎక్కడో విన్నాడు. విన్నాడన్నది మాత్రం ఖాయం. పాత సీరియల్‌లోవి కావు, ఒట్టేసి చెప్పగలడు. మరి తను రాసినవా? 'తెర చూశారు గానీ' అన్న ముక్క తన చేత్తో రాసిన గుర్తు లీలగా ఉంది. ఎవరికోసం రాశాడు? తన కథలోని వేరే గ్రహపు రాయబారి కోసమా? రాస్తే కొరిన్ దాన్ని ఇవాళ ఎందుకు చెప్పింది? అతనూ వాదనలో దిగాడు. అడ్డంగా దిగాడు.

"అది మనదే. పోయినేడాది రాయబారి వీడ్కోలు సీను, అందులోది," అన్నాడు.

"రాయబారికి పక్కన కుర్చీ ఎక్కడిది? ఆయన నీళ్లతొట్టిలో కదా ఉండేది!" అంది వెర్నా.

ఇలా వాళ్లు కొట్టుకు చస్తుంటే కొరిన్ మళ్లీ వచ్చింది. ఇలారా బట్టలు లేవు. తన ఆకుపచ్చ కోటు వేసుకుంది. కాఫీ బల్ల మీద కారు తాళాలు మర్చిపోయిందట. తాళాలు తీసుకుని కాసేపు నిలబడి వాళ్ల వాదన వింది.

"తేలిందా?" అంది.

"లేదు పైలట్ గారూ," అన్నాడు ఓటిస్ చేతులు కట్టుకుని. "మీరే చెప్పి పుణ్యం కట్టుకోండి. ఏ ఎపిసోడ్‌లోది?"

"మార్చిలోది. మా వంటగదిలో జరిగింది."

ఇంకేం అనలేదు. వెళ్లిపోయింది. ఈసారి తాడు లాగేవాళ్లు లేక, బౌలింగ్ హాలు అసలు తలుపులోంచే వెళ్లింది.

"వంటగదా?" అని ఓటిస్ తల గోక్కున్నాడు. "నౌకలో వంటగది సీను ఉందా?"

"ఎందుకు లేదు, సూప్ పొంగిపోయేది," అంది వెర్నా. "కానీ అది నవంబరులో కదా వచ్చింది..." అంటూనే లైల్ మొహం చూసి ఆగిపోయింది.

లైల్‌కు వంటగది కళ్ల ముందు నిలబడింది. మార్చి నెల, బయట మంచు, బల్ల మీద ఓవెన్లో వండిన హాట్‌డిష్ చల్లారిపోయి ఉంది. కొరిన్ ఇవే మాటలు చెప్పింది. తెర అంటే టీవీ తెర. అతను తినడం ఆపి, "ఆగాగు, ఇది బ్రహ్మాండంగా ఉంది, మళ్లీ చెప్పు," అని పెన్సిలు వెతుక్కున్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. నెమ్మదిగా, అతను రాసుకోవడానికి వీలుగా చెప్పింది. అలా చెప్పించుకున్నవాణ్ణి ఏమనాలో నాకైతే తెలియదు.

నౌక తలుపు వైపు పరిగెత్తాడు. అది తెరుచుకోలేదు. ఓటిస్ ఇక్కడే నోరెళ్లబెట్టుకుని నిలబడితే ఎవరు లాగుతారు? వెనక్కి తిరిగి, కేబుళ్ల మీద తూలుతూ, బయటికొచ్చి పడ్డాడు.

కొరిన్ కారు స్టార్ట్ చేసింది. వెనక సీట్లో పెట్టె ఉంది. అద్దం మీద కొట్టాడు. ఆమె అద్దం దించింది.

"ఆ అనుమతిని నేను వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు లైల్. అన్నాక తన గొంతు విని తనే బిత్తరపోయాడు. అది కెప్టెన్ గొంతు. నాభిలోంచి వచ్చే ఆ బరువు, ఆ విరామం, అంతా హేవర్డే.

"ఎవరు మాట్లాడుతున్నారు?" అంది కొరిన్. వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

లైల్ నోరు తెరిచాడు. ఏమని మొదలుపెట్టినా ఎక్కడో రాసినట్టే అనిపించింది. 'వెళ్లొద్దు' అన్నది ఓ ఎపిసోడ్‌లో ఉంది. 'నన్ను క్షమించు' అన్నది ఇంకో దాంట్లో రెండుసార్లు ఉంది. భుజాల మీద బంగారు పట్టీలతో, పార్కింగ్ స్థలంలో, భార్య ముందు దిక్కుతోచక నిలబడ్డాడు. భయమేసింది అతనికి. చిన్నప్పుడు సంతలో తప్పిపోయిన పిల్లాడికి వేసే భయం.

"తెలీదు," అన్నాడు చివరికి. "నాకు తెలీదు, కొరిన్."

ఆమె మొహం మెత్తబడింది. స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి కళ్లు తుడుచుకుంది. "ఇది నువ్వే," అంది. "చాలా కాలమైంది నీ గొంతు విని."

లైల్‌కు గుండెల్లో ఏదో ఆశ లేచి కూర్చుంది.

"డులూత్‌లో మా అక్క దగ్గరుంటాను," అంది కొరిన్. "నీతో ఏం మాట్లాడాలో నాకూ తెలీడం లేదు. కానీ మాట్లాడదాం. వచ్చే ఆదివారం రా, భోజనానికి. ఈ బట్టలు లేకుండా రా."

"ఆదివారమా?" అన్నాడు లైల్. "ఆదివారం షూటింగ్ కదా..."

ఈసారి ఆ గొంతు కెప్టెన్‌ది కాదు. అచ్చంగా తనదే. కొరిన్ కూడా పోల్చుకుంది. అద్దం పైకెత్తి, కారు ముందుకు పోనిచ్చింది.