పైగది కుర్చీలు

బేరం పోగొట్టుకోవడం నాకు చేతకాని పని. మేకుల కోసం వచ్చినవాడికి సుత్తి, సుత్తి కోసం వచ్చినవాడికి సామాను పెట్టె కూడా అంటగట్టి పంపిస్తానని మా వీధిలో నాకు పేరు. మాది ఇనుప సామాన్ల దుకాణం. తాళాలు, గొళ్ళాలు, కుళాయిలు, తాళ్ళు, బకెట్లకు వేసే పిడులు. కూర్చున్న చోటి నుంచి చెయ్యి చాస్తే అందని సరుకు లేదు. అలాంటివాణ్ణి, సీసా నిండా ఉన్న సరుకును వీపు వెనక పెట్టుకుని, అడిగిన మనిషికి లేవని చెప్పాను. అదీ మా బావమరిది చూస్తుండగా.

దుకాణం మీద రెండు గదులున్నాయి. ఒకప్పుడు అదే మా ఇల్లు. మా ఆవిడ పైన, నేను కింద. అన్నం వేళకు ఆవిడ నన్ను గొంతెత్తి పిలిచేది కాదు. వీధిలో బళ్ళ రొదకు పిలిచినా వినపడదు. వంటింట్లో ఒక ఇనుప స్టూలు ఉండేది. దాన్ని బండల మీద ఒక్క లాగు లాగేది. ఆ కర్రుమనే చప్పుడు సరిగ్గా నా నడినెత్తిన పడేది. ఎంత పెద్ద బేరంలో ఉన్నా లేచేవాణ్ణి. "పైకోర్టు నుంచి సమన్లు వచ్చాయి, ఇక ఈయన ఆగడు" అని కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆవిడ పోయాక పైన ఉండబుద్ధి కాలేదు. మాకు పిల్లలు లేరు. ఒక మంచం, నాలుగు గిన్నెలు దించుకుని దుకాణం వెనక గదిలోకి మారాను. ఖాళీ గది కదలని సరుకులాంటిది. ఊరికే చోటు తింటూ, చూసినప్పుడల్లా మనసు పాడుచేస్తుంది. పోనీ అద్దెకిద్దామంటే, వచ్చినవాళ్ళు ఆవిడ తుడుచుకున్న గోడలకు మేకులు కొడతారని ఒప్పుకోలేకపోయాను.

"మేకులు అమ్మి బతికేవాడివి, నీకా ఈ బాధ?" అన్నాడు మా బావమరిది.

అతను మా ఆవిడ తమ్ముడు. నాలుగు దుకాణాల అవతల కళ్ళజోళ్ళు అమ్ముతాడు. ఊళ్ళో వ్యాపారులు, డాక్టర్లు, కొందరు మాస్టర్లు కలిసి నడిపే సేవా క్లబ్బుకు కార్యదర్శి కూడా. బడిపిల్లలకు సంచులు, ముసలివాళ్ళకు కంటి పరీక్షలు, బస్టాండులో మంచినీళ్ళ కుళాయి, చదువు ఆగిపోయేలా ఉన్నవాళ్ళకు ఫీజులు, ఇలాంటివి చేస్తారు. నన్నూ బలవంతాన చేర్పించాడు. "చందా కడతావు, విందుకు రావు. నీలాంటి లాభసాటి సభ్యుడు ఇంకొకడు లేడు బావా" అని అందరి ముందూ పొగిడేవాడు.

అతనే ఒకరోజు వచ్చి కూర్చుని అసలు సంగతి చెప్పాడు. ఫీజులు కడుతున్నారు గానీ ఆ పిల్లలకు కూర్చుని చదువుకునే చోటు లేదు. ఒకే గదిలో వంట, టీవీ, తగాదాలు. హాస్టలు గదులైతే సంత.

"పైన రెండు గదులు నువ్వివ్వు. బల్లలు, కుర్చీలు, లైట్లు క్లబ్బు చూసుకుంటుంది. మేకులు కొట్టరు, పూచీ నాది."

"అద్దె?"

"పుణ్యం."

"అది గల్లాపెట్టెలో పడదుగా."

"నీ గల్లాపెట్టె నిండా ఉన్నదాంతో నువ్వేం చేస్తున్నావు గనక?"

తాళంచెవి ఇచ్చేశాను.

మొదటి సాయంత్రం ఒక తాపీమేస్త్రీకి మేకులు తూస్తున్నాను. నెత్తిమీద కర్రుమంది. చేతిలో పొట్లం కింద పెట్టి లేచి నిలబడ్డాను. రెండడుగులు మెట్ల వైపు వేశాను కూడా.

"ఎక్కడికండీ, తూకం సగంలో వదిలేసి?" అన్నాడు మేస్త్రీ.

తూకం ముగించడానికి వచ్చి కూర్చున్నాను. మళ్ళీ కర్రుమంది. మరొకటి. క్లబ్బువాళ్ళు కొన్నవి ఇనుప గొట్టాల కుర్చీలు. కింద బండలు. కూర్చున్నప్పుడొకసారి, లేచినప్పుడొకసారి.

నెల తిరిగేసరికి ఆ చప్పుళ్ళు నాకు మనుషుల్లా అలవాటయ్యాయి. పక్కసందులోంచి వచ్చి మెట్లెక్కేవాళ్ళు గనక ముఖాలు తెలియకపోయినా, ఫలానావాడు వచ్చాడని తెలిసేది. ఒకడు కుర్చీని యుద్ధానికి లాగినట్టు లాగేవాడు. ఒకమ్మాయి కూర్చున్నాక మూడుసార్లు జరుపుకునేది. సాయంత్రం బేరాలు పలచబడ్డాక నేను గల్లా దగ్గర కూర్చుని పైకప్పు వింటూ ఉండేవాణ్ణి. గదులిచ్చాను, చప్పుడు పుచ్చుకున్నాను. నా లెక్కన గిట్టుబాటు బేరమే.

చప్పుడు లేని సాయంత్రాలు మాత్రం కష్టంగా ఉండేవి. పైన ఎవరూ లేరని తెలిసిపోయేది. ఆ రోజుల్లో అన్నం వండుకోవడానికి కూడా చెయ్యి వచ్చేది కాదు.

పరీక్షలు దగ్గరపడుతుండగా ఫిర్యాదు వచ్చింది. పిల్లలందరూ కలిసి మా బావమరిదికి చెప్పుకున్నారు. ఒకడు కుర్చీ కదిపితే గదంతా ఉలిక్కిపడుతోందట.

"ఏముంది బావా, కుర్చీ కాళ్ళకు రబ్బరు బుష్‌లు తొడిగితే సరి. నీ దుకాణంలో సరుకేగా" అన్నాడు.

"ఆ సైజు అయిపోయింది. లారీ రావాలి."

వారం తర్వాత అడిగాడు. లారీ రాలేదన్నాను. ఇంకో వారానికి, లారీ వచ్చింది గానీ బుష్‌లు రాలేదన్నాను. పోనీ వేరేచోట కొంటానంటే, "నాసిరకం వేస్తే నెల తిరక్కుండా చిరుగుతాయి. చెడ్డపేరు క్లబ్బుకే" అన్నాను. అమ్మడానికి ఎన్ని మాటలు ఉన్నాయో, అమ్మకుండా ఉండటానికీ అన్ని మాటలు ఉన్నాయని నాకప్పుడే తెలిసింది.

ఒకరోజు అతను కూర్చుని ఉండగా టీకొట్టువాడు ఒక కుర్చీని భుజాన వేసుకుని వచ్చాడు.

"వీటి కాళ్ళకు బుష్‌లు కావాలన్నా. నేల గీసుకుపోతోందని ఇంటివాడు గోల పెడుతున్నాడు."

"లేవు" అన్నాను.

"లేకపోవడమేంటి? నీ దగ్గర లేనిది లోకంలో ఉంటుందా?"

"లేవన్నానుగా."

టీకొట్టువాడు నా తల మీదుగా చూశాడు. మా బావమరిదీ చూశాడు. నా వెనక అరలో, గాజుసీసాలో, నిండా నల్లటి బుష్‌లు.

"అన్నా, అవేంటి మరి? ఊరగాయా?"

నాలుగు తీసి ఇచ్చాను. కొత్త మడతకుర్చీ కొనమని కూడా అనలేదు. అతను వెళ్ళాక మా బావమరిది కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. తిట్టడానికి సిద్ధమవుతున్నాడనుకున్నాను.

"బావా, వచ్చిన బేరాన్ని నువ్వు తిప్పి పంపబోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఏమైంది నీకు?"

అప్పుడే పైన ఎవరో కుర్చీ లాగారు. నా తల దానంతటదే పైకి లేచింది. అది అతను చూశాడు. తనూ పైకప్పు వైపు చూశాడు.

"అక్క స్టూలు ఎక్కడుంది?"

"పైనే ఉంది."

కళ్ళజోడు పెట్టుకున్నాడు. లేచాడు. "పళ్ళ డాక్టరు తన ఆస్పత్రి వెనక హాలు ఇస్తానంటున్నాడు. ప్లాస్టిక్ కుర్చీలు, చప్పుడుండదు. శనివారం మీటింగులో తేలుస్తారు. ఇవతల నువ్వు, అవతల ఆ పిల్లల పరీక్షలు. నేనేం చెప్పను?" అని వెళ్ళిపోయాడు.

లెక్క వేసుకున్నాను. బుష్‌లు వేస్తే పిల్లలుంటారు, చప్పుడు పోతుంది. వేయకపోతే పిల్లలూ పోతారు, చప్పుడూ పోతుంది. ఎటు తిప్పినా చప్పుడు పోవడం ఖాయం. ఎవరైనా మొదటిదే కావాలంటారు. కానీ నాకు పిల్లలతో పనేముంది? వాళ్ళ పేర్లు కూడా తెలియవు. నాకు వచ్చేదల్లా చప్పుడే. అది లేనప్పుడు వాళ్ళు నా నెత్తిమీద ఉంటేనేం, పళ్ళ డాక్టరు హాలులో ఉంటేనేం అనిపించింది. శుక్రవారం దాకా సీసా మీద చెయ్యి వేయలేదు.

శుక్రవారం వాన. బేరాల్లేవు. చాలాసేపటి నుంచి పైన కూడా చప్పుడు లేదు. వానకు ఎవరూ రాలేదనుకున్నాను. మెట్ల దగ్గరికి వెళ్తే పైన లైటు వెలుగుతోంది. ఎవరో ఆర్పకుండా వెళ్ళిపోయారు, కరెంటు దండగ అని గొణుక్కుంటూ ఎక్కాను.

మూల బల్ల దగ్గర ఒకమ్మాయి కూర్చుని ఉంది. తెల్లకోటు కుర్చీ వీపుకు తగిలించి ఉంది. నర్సు చదువు పిల్ల. పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. నన్ను చూసి లేచి నిలబడింది. లేచినా చప్పుడు కాలేదు.

"నువ్వెప్పుడొచ్చావమ్మా?"

"మధ్యాహ్నమే వచ్చాను అంకుల్. క్లాసు అవగానే వస్తాను, రోజూ."

"రోజూనా? నాకెప్పుడూ వినపడలేదే."

"నేను కుర్చీ లాగను అంకుల్. ఎత్తి పెట్టుకుంటాను. పక్కవాళ్ళకు ఇబ్బంది కదా."

వంగి చూశాను. ఆమె కుర్చీ కాళ్ళకు పాత గుడ్డపీలికలు చుట్టి, దారంతో కట్టి ఉన్నాయి. బండకు రాసుకుని అప్పటికే చిల్లులు పడ్డాయి.

"ఇంకెవరైనా లాగితే మాత్రం చదివింది మళ్ళీ మొదటికొస్తుంది" అంది నవ్వుతూ. "చేతి ఎముకల దగ్గరే ఉన్నాను అంకుల్, వారం నుంచి. కాళ్ళ దాకా ఎప్పుడొస్తానో! పోయినసారి ఈ ఒక్క సబ్జెక్టే తప్పాను. ఈసారీ పోతే సీటు తీసేస్తారు."

"రేపు పళ్ళ డాక్టరుగారి హాలుకు మారుస్తారేమో. అక్కడ చప్పుడుండదు."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "అది ఊరికి ఆ చివర కదా అంకుల్. మా హాస్టలు గేటు ఎనిమిదింటికి వేసేస్తారు. అంత దూరం వెళ్ళి రావడమంటే... నాకు కుదరదు. ఏం చేస్తాం, అందరికీ మంచిదైతే మార్చనివ్వండి."

కిందికి వచ్చి కూర్చున్నాను. వాన తగ్గలేదు. పైన చప్పుడు లేదు. కానీ మనిషి ఉంది. ఎన్ని సాయంత్రాలు పైన ఎవరూ లేరనుకుని పొయ్యి కూడా వెలిగించకుండా పడుకున్నానో, అన్ని సాయంత్రాలూ ఈ పిల్ల నా నెత్తిమీదే ఎముకల పేర్లు వల్లె వేసుకుంటూ కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా తూకం వేస్తున్నవాణ్ణి, తప్పుడు రాయి పెట్టి తూచాను. చప్పుడు లేకపోతే మనిషి లేనట్టే లెక్క కట్టాను.

శనివారం పొద్దున్నే సీసా, చెక్కసుత్తి, ఒక గిన్నెలో సబ్బునీళ్ళు పట్టుకుని పైకి వెళ్ళాను. రబ్బరును సబ్బునీళ్ళలో ముంచితే గొట్టానికి తేలిగ్గా ఎక్కుతుంది. ఒక్కో కుర్చీని బోర్లా పెట్టి, కాలుకొకటి చొప్పున తొడిగాను. నర్సుపిల్ల కుర్చీకి గుడ్డపీలికలు విప్పేటప్పుడు దారం ముడి చాలాసేపు రాలేదు. గట్టిగా కట్టింది. తొడిగాక ఒకదాన్ని లాగి చూశాను. నేల మీద పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు. సరుకు నిజంగానే మంచిది.

ఎత్తు కిటికీ కింద మా ఆవిడ స్టూలు ఉంది. పావురాలు దూరకుండా ఆఖరున వెళ్ళేవాళ్ళు దానిమీద ఎక్కి కిటికీ మూయాలి. స్టూలును బోర్లా తిప్పాను. కాళ్ళు అరిగి మెరుస్తున్నాయి. నాలుగు బుష్‌లు చేతిలో పట్టుకుని కాసేపు ఉన్నాను. తర్వాత వాటిని సీసాలో వేసేసి, స్టూలును ఎప్పటిలా నిలబెట్టి, కిందికి దిగాను.

మీటింగుకు వెళ్ళాను. నన్ను చూసి పళ్ళ డాక్టరు, "ఏమండీ, ఇవాళ విందు మంచిదని తెలిసిందా?" అన్నాడు. బుష్‌లు వేశానని చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. చదువుగది మా పైనే ఉంటుందని తేల్చేశారు. "సరుకు మీ దగ్గరే ఉండగా ఇన్నాళ్ళెందుకు పట్టిందండీ?" అని డాక్టరు వదల్లేదు.

నేను నోరు తెరిచేలోపే మా బావమరిది అందుకున్నాడు. "లారీ ఆలస్యం చేసింది డాక్టరుగారూ. ఈ మధ్య లారీల సంగతి మీకు తెలియంది కాదు."

ఆ తర్వాతి సాయంత్రాలు చప్పుడు లేకుండా గడిచాయి. మెట్ల కింద చెప్పులు మాత్రం రోజూ ఉండేవి. అంతకుముందు వాటిని పట్టించుకున్నవాణ్ణి కాదు. కస్టమర్లు లేనప్పుడు లేచి వెళ్ళి వాటిని చూసి వచ్చేవాణ్ణి. చెప్పులున్నాయంటే మనుషులున్నట్టే. బుర్రకు ఆ లెక్క అర్థమైంది. చెవులకు కాలేదు. అవి పైకప్పు వైపే ఉండేవి. కొన్న సరుకు మంచిదని తెలిసినా ఇంటికి తెచ్చాక ఎందుకు కొన్నామా అనిపిస్తుంది చూడండి, అలా ఉండేది.

ఒక సాయంత్రం షట్టరు సగం దించి, తాళాల పెట్టె సర్దుతున్నాను. వీధిలో బళ్ళు కూడా పలచబడ్డాయి.

కర్రుమంది. సరిగ్గా నా నడినెత్తిన, ఒక్క లాగు.

పెట్టె ఎప్పుడు కింద పెట్టానో, ఎప్పుడు లేచానో తెలియదు. చూసుకునేసరికి మెట్ల దగ్గర ఉన్నాను. ఒక చెయ్యి గోడ మీద, ఒక కాలు మొదటి మెట్టు మీద. చేతులు కడుక్కోలేదే అనుకున్నాను కూడా.

పైన లైటు ఆరింది. నర్సుపిల్ల పుస్తకాలు గుండెకు ఆనించుకుని దిగింది. నన్ను అక్కడ చూసి ఆగిపోయింది.

"సారీ అంకుల్. కిటికీ వేద్దామంటే ఇవాళ స్టూలు దూరంగా ఉంది, లాగాను. అన్నిటికీ వేశారు కదా, దానికీ ఉన్నాయనుకున్నా. భయపెట్టానా?"

"లేదమ్మా, లేదు." మెట్టు మీది కాలు తీశాను. "ఎముకలు ఎక్కడిదాకా వచ్చాయి?"

"మోకాలు దాటాను" అంది సంతోషంగా. "ఇంక పాదాలే." చెప్పులు వేసుకుంటూ మళ్ళీ అడిగింది. "ఆ స్టూలుకు కూడా వేసేయండి అంకుల్. నేను పట్టుకుంటాను, రెండు నిమిషాల పని."

"ఆ సైజు లేదమ్మా" అన్నాను. "లారీ రావాలి."

ఆమె నా భుజం మీదుగా దుకాణంలోకి చూసింది. అరలో సీసా ఉంది. అందులో బుష్‌లూ ఉన్నాయి. కాసేపు దానివైపు, కాసేపు నావైపు చూసింది.

"సరే అంకుల్" అంది. "తొందరేం లేదు."

దగ్గరదారని దుకాణంలోంచే నడిచి, సగం దించిన షట్టరు కింద నుంచి వంగి వీధిలోకి వెళ్ళిపోయింది. మిగతా సగం నేను దించుకున్నాను.